చేతులు జోడించని అబ్బాయి: ఒక స్కూల్ కౌన్సెలర్ కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ విద్యార్థి, అతని తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. రాసింది ముందు వాళ్లకే చదివి వినిపించాను. ఊరి పేరు, స్కూలు పేరు చెప్పడం లేదు. వాళ్లను గుర్తుపట్టడానికి వీలున్న కొన్ని వివరాలు మార్చాను. అబ్బాయికి మారుపేరు కూడా పెట్టలేదు, అబ్బాయి అనే అంటాను.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. నేను రోజూ దీపం పెట్టుకుంటాను. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను. ఈ కేసులో నేను చేసిన పెద్ద పొరపాటుకు మూలం నా నమ్మకంలోనే ఉంది కాబట్టి ఆ సంగతి దాచకూడదు.

కేసు వచ్చిన తీరు

కోస్తాలో ఒక మోస్తరు పట్టణం. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు ఇంగ్లీషు మీడియం హైస్కూలు. వారానికి రెండు రోజులు నేను అక్కడ కూర్చుంటాను. 2024 నవంబరులో తొమ్మిదో తరగతి క్లాస్ టీచర్ ఒక చీటీ పంపారు. "ప్రేయర్‌లో చేతులు జోడించడు. ఎందుకని అడిగితే ఎదురు మాట్లాడతాడు. రోజూ లేటు. అయ్యప్ప మాల వేసుకున్న పిల్లవాణ్ణి క్లాసులో ఏడిపించాడు. తలపొగరు ఎక్కువ. మీరు మాట్లాడి మార్చండి."

"మార్చండి" అనే మాట కింద గీత కూడా గీశారు.

అబ్బాయికి 14 ఏళ్లు. సన్నగా, కొంచెం పొడుగ్గా ఉంటాడు. లెక్కల్లో, సైన్సులో క్లాసులో మొదటి ఐదుగురిలో ఒకడు. నాన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తారు, అమ్మ గృహిణి. చెల్లెలు ఆరో తరగతి. నాయనమ్మ వాళ్లతోనే ఉంటుంది. తాతయ్య 2023లో గుండెజబ్బుతో పోయారు.

మొదటి రోజు నా ఎదురుగా కూర్చుని అడగకుండానే అన్నాడు: "నన్ను దేవుణ్ణి నమ్మేలా చేయమని పంపారా మేడం?" కాదన్నాను. నిజానికి సగం అందుకే పంపారు, నాకూ తెలుసు.

తర్వాత రెండు వారాల్లో తేలిన సంగతులు ఇవి. సెప్టెంబరు నుంచి అబ్బాయి కావాలనే ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తున్నాడు. బెల్లు కొట్టేటప్పటికి స్కూలు పక్క సందులో సైకిలు ఆపుకుని ఉంటాడు, ప్రార్థన అయ్యాక గేటు దగ్గరికి వస్తాడు. లేటుగా వచ్చినవాళ్లను పీఈటీ సారు మొదటి పీరియడు అయ్యేదాకా గ్రౌండులో నిలబెడతారు. ఆ పీరియడు లెక్కలు. అంటే అతనికి బాగా ఇష్టమైన సబ్జెక్టు రోజూ పోతోంది. పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. పిల్లల డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. ఆదివారాలు నొప్పి రాదు. దసరా సెలవుల్లోనూ రాలేదు. నిద్ర పట్టడం ఆలస్యమవుతోంది గానీ తిండి బాగానే తింటున్నాడు, క్రికెట్ మానలేదు, చెల్లెలితో మామూలుగానే ఉన్నాడు. చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని సూటిగానే అడిగాను. లేదన్నాడు. డిప్రెషన్ అనడానికి తగినన్ని లక్షణాలు నాకు కనిపించలేదు. స్కూలు గేటుకూ ప్రార్థనకూ ముడిపడిన టెన్షన్ మాత్రం స్పష్టంగా ఉంది.

మాల గొడవ

ఈ గొడవలో అబ్బాయి తప్పు ఉంది. దాన్ని తగ్గించి రాయను.

ఐదో తరగతి నుంచి ఒకే బెంచీలో కూర్చునే స్నేహితుడు కార్తీకంలో మాల వేసుకున్నాడు. నల్ల చొక్కా, మెడలో తులసి పూసలు, నుదుటన గంధం. 41 రోజుల దీక్ష. దీక్షలో ఉన్నవాణ్ణి అందరూ "స్వామీ" అనే పిలుస్తారు, టీచర్లు కూడా. మన అబ్బాయి ఒక్కడే ఎప్పట్లాగే "ఒరేయ్" అన్నాడు. ఆ స్నేహితుడు ఒకటి రెండుసార్లు "అలా పిలవకురా, తప్పు" అన్నాడు. మూడోసారి మాటా మాటా పెరిగింది. "మాల వేసుకుంటే లెక్కల్లో మార్కులొస్తాయా? యూనిఫాం ఎగ్గొట్టడానికి వేషం వేశావు" అన్నాడు అబ్బాయి, క్లాసంతా వినేలా. స్నేహితుడు ఏడ్చాడు. ఆ మధ్యాహ్నం నీళ్ల కుళాయిల దగ్గర ముగ్గురు పిల్లలు అబ్బాయిని గోడకు నెట్టి, అతని సైన్సు రికార్డు చింపేశారు.

స్కూలు మొదటి సంగతి మీద విచారణ జరిపింది. అబ్బాయి చేత క్షమాపణ లేఖ రాయించుకుని, వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టింది. చిరిగిన రికార్డు గురించి ఎవరూ అడగలేదు. నేను అడిగినప్పుడు క్లాస్ టీచర్ నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆమె చెడ్డ మనిషి కాదు. ఆ రోజు ఆమె దృష్టిలో దెబ్బ తిన్నది భక్తి ఒక్కటే. ఒక పిల్లవాడు గోడకు నెట్టబడ్డాడన్నది ఆమెకు కనిపించలేదు.

నా పొరపాటు

తాతయ్య పోయిన సంగతి ఫైల్లో చూడగానే నా మనసులో ఒక కథ తయారైంది. తాతయ్య బతకాలని ఇంట్లో తిరుపతికి ముడుపు కట్టారు. ఆయన దక్కలేదు. పిల్లవాడికి దేవుడి మీద కోపం వచ్చింది, అది నాస్తికత్వంగా బయటపడుతోంది. దుఃఖం తీరితే కోపం పోతుంది, కోపం పోతే నమ్మకం తిరిగొస్తుంది. రెండు సెషన్లు తాతయ్య చుట్టూనే తిప్పాను. ఫొటో తెమ్మన్నాను, జ్ఞాపకాలు రాయమన్నాను. చెప్పినవన్నీ చేశాడు. తాతయ్య గురించి చెబుతూ ఒకసారి కళ్లు తుడుచుకున్నాడు కూడా. నేను సరైన దారిలోనే వెళ్తున్నాననుకున్నాను.

మూడో సెషన్‌లో ఫొటో సంచిలో పెట్టుకుంటూ అన్నాడు: "మేడం, తాతయ్య పోకముందే నాకు నమ్మకం లేదు. ఆయన పోయినందుకు ఏడుపొచ్చింది, అంతే. రెండూ వేరు. మీరు దేవుణ్ణి నమ్మే పిల్లల్ని పిలిచి, మీ ఇంట్లో ఏం జరిగిందని నమ్ముతున్నారు అని అడుగుతారా?"

నా దగ్గర జవాబు లేదు. పదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. భక్తి ఉన్న పిల్లవాణ్ణి ఆ భక్తికి కారణం చెప్పమని ఒక్కసారీ అడగలేదు. ఇతని నమ్మకం లేనితనాన్ని మాత్రం జబ్బు లక్షణంలా చూసి దాని వెనక కారణం తవ్వుతున్నాను. ఆ రోజు అతనికి క్షమాపణ చెప్పాను. "నీకు నమ్మకం లేకపోవడం గురించి ఇక నేనేమీ వెతకను. గేటు దగ్గర కడుపునొప్పి ఎందుకొస్తోందో, నీ స్నేహితుడితో ఏం జరిగిందో, ఆ రెండే చూద్దాం" అన్నాను. మా ఇద్దరి మధ్య పని అసలు మొదలైంది అప్పుడే.

ఆ తర్వాత తనే చెప్పాడు. ఏడో తరగతిలో, 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాడు సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం ఎలా పడుతుందో సైన్సు టీచర్ బంతులు, టార్చిలైటు పెట్టి చక్కగా చూపించారట. చివర్లో ఆమే, "ఆ టైములో ఏమీ తినకండి, ఇంట్లో పచ్చళ్ల జాడీల మీద దర్భ వేయమని అమ్మకు చెప్పండి" అన్నారట. ఇంటికెళ్లి అడిగితే నాన్న గుళ్లన్నీ మూసేశారని చెప్పారు. శ్రీకాళహస్తి గుడి మాత్రం గ్రహణంలోనూ తెరిచే ఉంటుందని నాయనమ్మ చెప్పింది. "చంద్రుడి నీడ అన్ని ఊళ్ల మీదా ఒకేలా పడుతుంది కదా మేడం, ఒక గుడికి పట్టే దోషం ఇంకో గుడికి ఎందుకు పట్టదు?" అక్కడ మొదలైన ప్రశ్నలు రెండేళ్లు లోపలే పెరిగాయి. అడిగితే ఇంట్లో "కళ్లు పోతాయి" అనేవారు. తొమ్మిదిలోకి వచ్చాక యూట్యూబులో వాదోపవాదాల వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. వాటిలో ఇరుపక్కలా అరుచుకుంటారు, ఒకరి మాట ఒకరు విననివ్వరు. అతని ప్రశ్న తనదే, అడిగే గొంతు మాత్రం ఆ వీడియోల నుంచి వచ్చింది. స్నేహితుడి మీద పడింది ఆ గొంతే.

నమ్మిందాన్నీ, ఇంట్లో ఇచ్చిందాన్నీ ఈ వయసులో పిల్లలు ఒకసారి బయటికి తీసి చూస్తారు. కొందరు చూసి మళ్లీ లోపల పెట్టుకుంటారు, కొందరు పెట్టుకోరు. ఇతను ఇరవై ఏళ్లకు ఎటు ఉంటాడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అది తేలేదాకా స్కూల్లో భయం లేకుండా కూర్చునే హక్కు అతనికి ఉంది.

స్కూలుతో మాట్లాడటం

ప్రిన్సిపాల్ గారితో రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి నేను చట్టం ఎత్తలేదు. ఉదయం ప్రార్థనలో ఏమేం ఉంటాయో వరసగా చెప్పమన్నాను. వందేమాతరం, సరస్వతీ శ్లోకం, మా తెలుగు తల్లికి, ప్రతిజ్ఞ, వార్తలు, జనగణమన. లేటుగా రావడం మొదలుపెట్టకముందు కూడా అబ్బాయి చేతులు జోడించనిది శ్లోకానికి ఒక్కదానికే. ప్రతిజ్ఞకు చేయి చాపేవాడు, గట్టిగా చెప్పేవాడు. ఆ తేడా అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

ఆ ప్రతిజ్ఞ రాసింది మన తెలుగువాడే. నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో రాశారు. అందులో దేశం ఉంది, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దల పట్ల గౌరవం ఉంది, అందరితో మర్యాదగా ఉంటానని ఉంది, జంతువుల మీద దయ కూడా ఉంది. దేవుడి ప్రస్తావన లేదు. "మీరు ఈ అబ్బాయి నుంచి కోరుకునే గౌరవం అంతా ప్రతిజ్ఞలోనే ఉంది కదా మేడం, దాన్ని అతను రోజూ చెబుతాననే అంటున్నాడు" అన్నాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు గానీ ఆలోచించారు.

ఆమె భయం వేరు. "ఈ రోజు ఒకడికి ఒప్పుకుంటే రేపు పదిమంది వస్తారు. మేనేజ్‌మెంట్‌కు నేనేం చెప్పాలి?" అప్పుడు నేను ఒక మాట అడిగాను: అదే లైన్లో ముస్లిం పిల్లలు, క్రైస్తవ పిల్లలు శ్లోకానికి చేతులు జోడిస్తున్నారా? కొందరు జోడిస్తారు, కొందరు ఊరికే నిలబడతారు, ఎవరూ ఏమీ అనరు. "వాళ్ల మతం వేరు కదండీ" అన్నారామె. నాకు ఈ కేసు మొత్తంలో బాగా గుచ్చుకున్న మాట ఇదే. మతం వేరైతే ఊరుకోవచ్చు. మతం లేదంటే మాత్రం అది పొగరు అయిపోతోంది. చేసేది ఇద్దరూ ఒకటే, నిశ్శబ్దంగా నిలబడటం.

రెండోసారి చట్టం గురించి మాట్లాడాం. రాజ్యాంగం 25వ అధికరణం అందరికీ అంతఃకరణ స్వేచ్ఛ ఇచ్చింది. 28వ అధికరణం మూడో క్లాజు ఇంకా సూటిగా ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థ గానీ, ప్రభుత్వ నిధులు అందుకునే సంస్థ గానీ, అక్కడ చదివేవారిని వాళ్ల సమ్మతి లేకుండా మతబోధలో పాల్గొనమని, ఆరాధనకు హాజరు కమ్మని బలవంతపెట్టకూడదు. మైనరైతే ఆ సమ్మతి సంరక్షకుడిది. ఇది ప్రైవేటు స్కూలైనా గుర్తింపు ఉంది కాబట్టి వర్తిస్తుంది.

దానితో పాటు 1986 నాటి బిజోయ్ ఇమాన్యుయేల్ తీర్పు గురించి చెప్పాను. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వచ్చినప్పుడు లేచి నిలబడేవారు, కానీ పాడేవారు కాదు. 1985లో స్కూలు వాళ్లను పంపేసింది. సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. మర్యాదగా లేచి నిలబడ్డాక పాడకపోవడం అగౌరవం కాదని చెప్పింది. ఆ తీర్పు రాసింది ఒకప్పుడు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు. ఆ పిల్లలది గట్టి దైవభక్తి, మన అబ్బాయిది నమ్మకం లేకపోవడం. అయినా నిలబడే పద్ధతి ఇద్దరికీ సరిపోతుంది.

ప్రిన్సిపాల్ గారు కాసేపు ఊరుకుని, "నిలబడితే చాలు. కానీ బెల్లుకు ముందే రావాలి, నవ్వకూడదు, పక్కవాళ్లను కదిలించకూడదు" అన్నారు. రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. ఇవ్వలేదు.

ఇంట్లో

చట్టంలో "సంరక్షకుడి సమ్మతి" అన్న మాట ఉంది కదా, అది ఇంట్లో నాకు అడ్డం తిరిగింది. అబ్బాయి నాన్నగారు శ్రద్ధగా విని, "సమ్మతి నాదైతే నేనిస్తున్నాను మేడం. వాడు దణ్ణం పెట్టాల్సిందే" అన్నారు. ఆయన తప్పుగా అర్థం చేసుకోలేదు. 14 ఏళ్ల పిల్లవాడి విషయంలో ఆ క్లాజు నిర్ణయాన్ని తండ్రి చేతిలోనే పెట్టింది. ఇలాంటి కేసులు చూసే తోటి కౌన్సెలర్లు ఈ సంగతి మరవకూడదు. చట్టం చూపించి స్కూలును ఒప్పించినా, ఇల్లు ఒప్పుకోకపోతే పిల్లవాడు మళ్లీ మొదటికే వస్తాడు.

అమ్మ బాధ ఇంకో రకం. ఆమెకు కోపం లేదు, భయం ఉంది. "నేనేం పాపం చేశానో మేడం, నా కడుపున ఇలా పుట్టాడు. వీడి మాటలకు ఇంటికేమైనా అవుతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టదు" అంది. కొడుక్కి తెలియకుండా దిండు కింద తాయెత్తు పెట్టింది. అతను చూసి డాబా మీద నుంచి విసిరేశాడు. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. కార్తీక సోమవారాలు నేనూ ఉపవాసం ఉంటాననీ, ఆమె భయం నాకు తెలుసనీ చెప్పాను. నా నమ్మకం ఈ కేసులో ఉపయోగపడింది అక్కడే.

దారి చూపించింది నాయనమ్మ. రెండో మీటింగుకు ఆమె కూడా వచ్చింది. అందరి మాటలూ విని కొడుకు వైపు తిరిగి, "బలవంతాన పెట్టించిన దణ్ణం ఆ దేవుడికి మాత్రం ఎందుకురా?" అంది. ఆమె పుట్టిల్లు కృష్ణా జిల్లాలో ముదునూరు దగ్గర. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు గారు 1940లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టింది ఆ ముదునూరులోనే. తర్వాత అది విజయవాడకు మారింది. "మా నాన్న రోజూ సంధ్య వార్చేవాడు. కులం చూడకుండా అందరినీ కూర్చోబెట్టి గోరా గారు పెట్టించిన భోజనాల గురించి మాత్రం గౌరవంగా చెప్పేవాడు. దేవుడు లేడన్నందుకు కాకినాడ కాలేజీలో ఆయన ఉద్యోగం తీసేశారట. అయినా మనిషి మంచివాడనేవాడు" అంది. కాకినాడ సంగతి 1933లో జరిగింది. మచిలీపట్నంలో కూడా ఆయన కాలేజీ ఉద్యోగం అదే కారణంతో పోయింది. నాస్తికుడంటే చెడిపోయినవాడనే నాన్నగారి లెక్కను నేను ఎంత చెప్పినా కదిలించలేకపోయాను. వాళ్లమ్మ చెప్పిన ఆ నాలుగు ముక్కలు కదిలించాయి.

చివరికి ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. దేవుడున్నాడా లేడా అన్న వాదన భోజనాల దగ్గర ఎవరూ ఎత్తరు. గుడికి వెళ్లినప్పుడు అబ్బాయి కొబ్బరికాయల సంచి మోస్తాడు, నాయనమ్మను చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తాడు, లోపలికి వెళ్లడం అతని ఇష్టం. పండక్కి మామిడాకుల తోరణం కడతాడు. అమ్మ తెలియకుండా తాయెత్తులు, కుంకుమ పొట్లాలు పెట్టదు. నాన్నగారు స్కూలుకు రెండు వాక్యాల ఉత్తరం రాసిచ్చారు: మా అబ్బాయి ప్రార్థనలో మర్యాదగా నిలబడతాడు, శ్లోకం చదవనక్కర్లేదు. నేను ప్రిన్సిపాల్ గారి దగ్గర అడిగి సాధించలేని రాతప్రతి ఈ వైపు నుంచి దొరికింది.

స్నేహితుడు

స్కూలు రాయించిన క్షమాపణ లేఖను ఇద్దరూ లెక్కలోకి తీసుకోలేదు. స్నేహితుణ్ణి అడిగి, అతను సరేనన్నాకే ఇద్దరినీ నా గదిలో కూర్చోబెట్టాను. నేను పెట్టిన షరతు ఒకటే: ఎదుటివాడు చెప్పింది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకూడదు. స్నేహితుడు నేల చూస్తూ చెప్పాడు. వేసవిలో వాళ్ల నాన్నకు గుండె ఆపరేషన్ జరిగింది. బయట కుర్చీలో కూర్చుని, నాన్న బాగుంటే కొండకు వస్తానని మొక్కుకున్నాడు. ఈ సంగతి స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. తాతయ్యను గుండెజబ్బుతోనే పోగొట్టుకున్న మన అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెలిస్తే అలా అనేవాణ్ణి కాదు" అన్నాడు. మళ్లీ తనే దిద్దుకున్నాడు: "తెలియకపోయినా అనకూడదు."

"స్వామీ" అనడం మాత్రం అతనికి నోరు రాలేదు. "నేను నమ్మనప్పుడు అలా పిలిస్తే నిన్ను వెక్కిరించినట్టే ఉంటుందిరా" అన్నాడు. స్నేహితుడు ఆలోచించి, "పేరు పెట్టి పిలువు. ఒరేయ్ మాత్రం వద్దు, మాల తీసేదాకా" అన్నాడు. పెద్దవాళ్లం మేమెవరం కూర్చుని రాసినా ఇంతకంటే మంచి షరతు రాయలేం. జనవరిలో అతను శబరిమల నుంచి అరవణ డబ్బా తెచ్చి, "ప్రసాదం అనుకోకపోతే పాయసం అనుకుని తిను" అన్నాడట. సగం డబ్బా ఖాళీ చేశానని అబ్బాయి నాకు చెప్పాడు.

ఫలితం, మిగిలిపోయినవి

అబ్బాయితో తొమ్మిది సెషన్లు, తల్లిదండ్రులతో మూడు, స్కూలుతో రెండు. డిసెంబరు రెండో వారం నుంచి ఆలస్యాలు ఆగాయి. కడుపునొప్పి సంక్రాంతి సెలవుల తర్వాత రాలేదు. వెనక బెంచీ నుంచి పాత చోటికి వచ్చాడు.

అన్నీ చక్కబడలేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఇంకా "నాస్తికా" అని పిలుస్తూనే ఉన్నారు. తెలుగు మాస్టారు అతనితో ముభావంగానే ఉన్నారు. రికార్డు చింపిన ముగ్గురి మీద స్కూలు ఏమీ చేయలేదు. ఆ విషయంలో నేను ఇంకా గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. అమ్మ రోజూ కొడుకు పేరు మీద అర్చన చేయిస్తోంది. అది అతనికి తెలుసు, ఊరుకున్నాడు.

పదో తరగతి పరీక్షల ముందు మరోసారి స్కూలుకు వెళ్లాను. హాల్ టికెట్లు ప్రింట్ తీసి, సరస్వతి పటం ముందు కట్టగా పెట్టి, పూజ చేశాక పంచుతారు. ప్రిన్సిపాల్ గారు ఈసారి ఎవరూ అడగకుండానే అబ్బాయి హాల్ టికెట్ విడిగా తీసి తన టేబులు మీద ఉంచారు. నేను ఆమె గదిలోనే ఉన్నాను. అతన్ని పిలిచి, "నీది పూజలో పెట్టలేదు నాన్నా, ఇదిగో" అని ఇచ్చారు.

అతను దాన్ని అందుకుని కాసేపు చూశాడు. "థ్యాంక్స్ మేడం. కానీ నేను దణ్ణం పెట్టనన్నానంతే. అందరివీ ఉన్నచోటే నాదీ పెట్టండి, నేను కూడా వాళ్లతో లైన్లో నిలబడి తీసుకుంటాను" అన్నాడు. ఆమె లేచి, తనే వెళ్లి దాన్ని కట్టలో కలిపి వచ్చారు.